ముల్లు హెచ్ మీదికెళ్లిన రోజు



మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కారు 1998 నాటి మారుతి 800. పక్క సీట్లో మా ఆవిడ. వెనక సీట్లో నీళ్ల క్యాను, మారేడుమిల్లిలో కట్టించుకున్న బొంగు చికెన్. ఎడమ చేతి మలుపు ఒకటి తిరిగాను. అంతవరకూ సీ అక్షరానికి కాస్త పైన కునుకు తీస్తున్న టెంపరేచర్ ముల్లు కదిలింది. పది అంకెలు లెక్కపెట్టేలోగా హెచ్ గీత దాకా పోయి అక్కడే కూర్చుంది.

కారు పక్కకు తీసి ఆపాను. ఆ ఘాట్‌లో ఫోను పలకలేదు. రాజమండ్రిలో ఉన్న మా ఇంటికి 80 కిలోమీటర్లకు పైనే ఉంది. మా ఆవిడ ఒకటే మాట అంది: "పోయినసారి బాగుచేయించింది దీన్నేనా అండీ?"

పోయినసారే కాదు, అంతకుముందు రెండుసార్లు కూడా దీన్నే. ముల్లు ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి పైకి లేవడం, మళ్లీ దానంతటదే దిగడం ఆర్నెల్లుగా జరుగుతోంది. మొదటి మెకానిక్ సెన్సార్ మార్చాడు. రెండో ఆయన రేడియేటర్ విప్పించి కడిగించాడు, పనిలో పనిగా థర్మోస్టాట్ పీకి నా చేతిలో పెట్టాడు. "మన ఎండలకి ఇది అక్కర్లేదు మాస్టారూ, ఫారిన్ చలికి పెట్టింది" అన్నాడు. మూడో ఆయన మొదటి ఆయన వేసిన సెన్సార్ నకిలీదని తేల్చి ఇంకోటి వేశాడు. ముగ్గురూ పనివాళ్లే, ముగ్గురూ నిజాయతీపరులే. కానీ ముగ్గురిలో ఒక్కరూ కారును ప్రశ్న అడగలేదు. వస్తువులు మార్చి చూశారు, అంతే. నేనూ అడగలేదు. నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. నా మీద నాకున్న కోపం వాళ్ల మీద లేదు.

సరే, ఘాట్ రోడ్డు మీద ఉన్నాం. ముల్లు హెచ్ మీద ఉంది. అలాంటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ముల్లు చెడిందా అన్నది కాదు, ఇంజన్ నిజంగా కాగుతోందా అన్నది. ఈ వరస తప్పకూడదు. ముల్లు అబద్ధమాడుతోందని తొందరపడి ముందుకు పోతే, ఒకవేళ అది నిజమే చెబుతుంటే, అల్యూమినియం హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ పోతుంది, ఆ బిల్లు సెన్సార్ బిల్లుతో పోల్చేది కాదు.

బానెట్ ఎత్తాను. ఆవిరి లేదు. కాగిన కూలెంట్‌కు ఒక తియ్యటి, వెగటు వాసన ఉంటుంది, అదీ లేదు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు రెండు గీతల మధ్యే ఉన్నాయి, పొంగలేదు, బుడగలు లేవు. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోలేదు. మీరూ ముట్టుకోవద్దు. జపాన్ తరహా కార్ల మూతల మీద 0.9 అని అచ్చు వేసి ఉండటం చూసే ఉంటారు. మూత పట్టి ఉంచే ఒత్తిడి అది. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర కాదు, దాదాపు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, అంతవరకూ నీళ్లుగా ఉన్నది ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికొస్తుంది.

పైన ఉండే పెద్ద రబ్బరు పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి చూశాను. వేడిగానే ఉంది, కానీ రాయిలా బిగుసుకుని లేదు. ఇవన్నీ ఒక మాటే చెబుతున్నాయి: ఇంజన్ కాగడం లేదు. అప్పటికి గాని నాకు తట్టలేదు, అసలు ఆ కబురు ముల్లే ముందు చెప్పిందని. పది అంకెలు లెక్కపెట్టేలోగా చివరికి పోయింది! ఇంజన్‌లో లీటర్ల కొద్దీ నీళ్లుంటాయి. చుట్టూ కిలోల కొద్దీ లోహం ఉంటుంది. పొయ్యి మీద రెండు లీటర్ల నీళ్లు కాగడానికి ఎంతసేపు పడుతుందో వంటింటికి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. ఘాట్ ఎక్కే ఇంజన్ నిజంగా వేడెక్కితే ముల్లు మెల్లగా, ఒక్కో వెంట్రుకవాసి లేస్తుంది. ఒక మలుపులో దూకిన ముల్లు నీళ్ల సంగతి చెప్పడం లేదు, వైరు సంగతి చెబుతోంది.

ఇక్కడ కాస్త ఆగి, ఈ ముల్లు వెనకాల ఏముందో చెబుతాను. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను, మీరే ఊహించుకోవాలి.

కార్లు కొత్తగా వచ్చినప్పుడు డాష్‌బోర్డులో ఈ మీటరే లేదు. 1912 ప్రాంతంలో అమెరికాలో బోయిస్ మోటోమీటర్ అని ఒకటి వచ్చింది. రేడియేటర్ మూత మీదే నిలబెట్టిన థర్మామీటర్ అది. డ్రైవరు సీట్లో కూర్చుని, బానెట్ చివర నిలబడ్డ ఆ గాజుగొట్టం వైపు చూసుకుంటూ నడిపేవాడు. తర్వాత ఈథర్ లాంటి ద్రవం నింపిన సన్నటి రాగి గొట్టం ఇంజన్ నుంచి డాష్‌బోర్డు దాకా వచ్చింది. ఆ గొట్టం ఎక్కడ నలిగినా ముల్లు చచ్చిపోయేది. ఆ తర్వాత కరెంటు మీటర్లు. మన పాత మారుతీలో ఉన్నది ఆ రకం.

అందులో రెండే ముఖ్యమైన వస్తువులు. ఇంజన్‌లోకి బిగించిన ఇత్తడి మరలాంటి సెన్సార్ ఒకటి. దాని లోపల చిన్న బిళ్ల ఉంటుంది. మామూలు లోహం వేడెక్కితే కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది, ఇది అడ్డుకోవడం తగ్గిస్తుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ తిరకాసు గుణాన్ని మైఖేల్ ఫారడే 1833లోనే గమనించాడు. రెండోది డాష్‌బోర్డులో మీటరు. దాని లోపల ద్విలోహ పట్టీ ఉంటుంది, అంటే రెండు లోహాల రేకుల్ని అతికించిన పట్టీ. దాని మీద సన్నటి తీగ చుట్టి ఉంటుంది. తీగలో కరెంటు పారితే పట్టీ వేడెక్కి వంగుతుంది, వంగుతూ ముల్లును నెడుతుంది. ఇంజన్ వేడిని చూపించడానికి మీటరు తన లోపల ఇంకో చిన్న వేడి రాజేసుకుంటుందన్నమాట. అందుకే ఈ ముల్లు గబుక్కున ఎగరదు, కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ముప్పై ఏళ్లు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన ద్విలోహ పట్టీ నా మోకాళ్ల ముందే కూర్చుని ఉంటే, నేను మూడు షెడ్ల చుట్టూ తిరిగాను.

బ్యాటరీ నుంచి తాళం మీదుగా, ఫ్యూజు మీదుగా మీటరుకు కరెంటు వస్తుంది. మీటరు నుంచి ఒకే ఒక్క వైరు సెన్సార్‌కు పోతుంది. సెన్సార్ తన మర చుట్ల ద్వారానే ఇంజన్ ఒంటికి తగిలి ఉంటుంది, అదే దాని ఎర్త్. దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. వైరు ఎక్కడైనా తెగితే కరెంటు లేదు కాబట్టి ముల్లు సీ దగ్గరే పడుకుంటుంది. వైరు ఎక్కడైనా ఒలిచిపోయి ఇనుముకు తగిలితే, సెన్సార్ అడ్డం లేకుండా కరెంటంతా పారి ముల్లు హెచ్ మీదికెళుతుంది. కొన్ని రకాల కార్లలో ఈ వరస తిరగబడి ఉండొచ్చు గాని, మన రోడ్ల మీది పాత కార్లలో ఎక్కువ భాగం ఇంతే.

మళ్లీ ఘాట్‌కు వద్దాం. అరగంట ఆగాం. ఆ అరగంటలో చికెన్ అయిపోయింది. ఇంజన్ కాస్త చల్లబడ్డాక, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పాను. ముల్లు మళ్లీ మెల్లగా హెచ్ మీదికి పోయింది. మా ఆవిణ్ణి ముల్లు చూస్తూ ఉండమని చెప్పి, నేను బానెట్ కింద సెన్సార్ మీది వైరు లాగేశాను. తాళం తిప్పి ఉన్నప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాను ఏ క్షణాన్నయినా తిరగొచ్చు, వేళ్లు జాగ్రత్త.

"ముల్లు దిగుతోందా?"

"లేదండీ."

"సరిగ్గా చూడు."

"కళ్లు పెట్టుకునే చూస్తున్నాను. హెచ్ మీదే ఉంది."

వైరు లాగేశాక ముల్లు సీ దగ్గరికి దిగాలి. దిగితే తప్పు సెన్సార్‌లో ఉన్నట్టు. దిగలేదంటే సెన్సార్‌కు సంబంధమే లేదు, వైరు దారిలో ఎక్కడో ఇనుముకు తగులుతోంది. ఆర్నెల్లలో రెండు సెన్సార్లు మార్చిన జబ్బు ఇది. పరీక్షకు పట్టింది అర నిమిషం.

వైరు వెంట వేలితో తడుముకుంటూ వెళ్లాను. ఇంజన్ పక్కనుంచి ఒక ఇనప క్లిప్పు కింద దూరుతుంది. పాతికేళ్ల వేడికి దాని తొడుగు ఎండిన చింతబరికెలా గట్టిపడి, క్లిప్పు అంచు దగ్గర పగిలింది. లోపలి రాగి కనబడుతోంది. ఎడమకు తిరిగినప్పుడు ఇంజన్ కాస్త ఊగి, రాగి క్లిప్పుకు తగులుతోంది. వైరును పైకెత్తి పట్టుకున్నాను. "దిగుతోందండీ!" అని లోపల్నుంచి కేక. మా దగ్గర ఇన్సులేషన్ టేపు లేదు. మందుల డబ్బాలో ఉన్న ప్లాస్టర్ చుట్టి, క్లిప్పు నుంచి తప్పించి ఇల్లు చేరాం. మర్నాడు ఎలక్ట్రీషియన్ కొత్త ముక్క వేసి, పైన తొడుగు తొడిగాడు.

నా జబ్బు అది. మీది వేరే కావచ్చు. తెలవారుతూనే, రాత్రంతా చల్లారిన కారులో తాళం మాత్రం తిప్పి చూడండి. ముల్లు సీ దగ్గరే ఉండాలి. చల్లటి ఇంజన్ మీద ముల్లు లేస్తే ఇంక రేడియేటర్ జోలికి పోనక్కర్లేదు, వైరో సెన్సారో మీటరో చూసుకోవాలి.

ముల్లు అసలు కదలడమే లేదనుకోండి. సెన్సార్ వైరు లాగి, దాని కొసను ఇంజన్ మీద తుప్పులేని శుభ్రమైన చోట ఆనించమనండి. ముల్లు హెచ్ వైపు బయల్దేరితే మీటరు మంచిదే, వైరు మంచిదే, సెన్సార్ మార్చండి. బయల్దేరగానే కొస తీసెయ్యాలి. అక్కడే పట్టుకుని నిలబడితే లోపలి తీగ మాడిపోయి, లేని జబ్బు తెచ్చిపెట్టుకున్నవాళ్లమవుతాం. ముల్లు కదలకపోతే ఫ్యూజు, ఆ తర్వాత వైరు, చిట్టచివర మీటరు. మీటరు బోర్డు విప్పడం పెద్ద పని, అందుకే దాన్ని చివరికి ఉంచుకోవాలి. టెంపరేచర్ ముల్లుతో పాటు పెట్రోలు ముల్లు కూడా పిచ్చిగా ప్రవర్తిస్తుంటే తప్పు ఆ రెంటిలోనూ ఉండదు, రెంటికీ కరెంటిచ్చే చోట ఉంటుంది. బ్రిటిష్ వంశపు పాత కార్లలో ఈ మీటర్లకు 10 వోల్టుల లెక్కన కరెంటునిచ్చే స్మిత్స్ కంపెనీ స్టెబిలైజర్ ఒకటుండేది. అది పాడైతే ట్యాంకు నిండుగా ఉన్నట్టూ, ఇంజన్ కాగుతున్నట్టూ ఒకేసారి కనబడేది. సగం శుభవార్త, సగం దుర్వార్త.

సెన్సార్ బిగించేటప్పుడు నీళ్లు కారకుండా ప్లంబర్లు వాడే తెల్ల టేపు చుట్టడం మన షెడ్లలో అలవాటు. మరీ మందంగా చుడితే మర చుట్లు ఇంజన్‌కు సరిగ్గా తగలవు, ఎర్త్ దొరకదు, ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

తక్కువ చూపించే ముల్లు గురించి మా తోడల్లుణ్ణి అడగాలి. ఆయన తుని నుంచి రాజమండ్రి వస్తున్నాడు, జాతీయ రహదారి మీద. ముల్లు మధ్య నుంచి ఇంకాస్త పైకి లేచింది. ఆయన కంగారు పడ్డాడు. అంతలో అదే మెల్లగా కిందికి దిగిపోయింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని వేగం పెంచాడు. జరిగిందేమిటంటే, కింది పైపు పగిలి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే వాటి వేడి దానికి తెలుస్తుంది. నీళ్లు పోయాక అది గాలిలో వేలాడుతోంది. చుట్టూ లోహం మాడుతున్నా చల్లగా ఉందనే చెప్పింది. పది కిలోమీటర్లు వచ్చేసరికి ఇంజన్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. హెడ్ విప్పారు, గ్యాస్కెట్ వేశారు, ఆ నెల జీతం అందులో కలిసిపోయింది. పైకి లేచిన ముల్లు కారణం లేకుండా దిగితే దణ్ణం పెట్టకండి, బండి ఆపండి. నన్నడిగితే హెచ్ మీద ఉన్న ముల్లు కంటే ఇదే ప్రమాదం. హెచ్ చూస్తే ఎవరైనా ఆగుతారు.

ముల్లు ఎప్పుడూ కింద ఉండటానికి ఇంకో కారణం, నా చేతిలో పెట్టిన ఆ థర్మోస్టాట్. దాని గురించి నాకు కాస్త ఆవేశం ఉంది, క్షమించాలి. దాని లోపల మైనం ఉంటుంది. సుమారు 80, 90 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది, అప్పుడే నీళ్లు రేడియేటర్‌కు పోతాయి. ఇంజన్‌ను త్వరగా పనివేడికి తెచ్చి అక్కడ నిలబెట్టడం దాని ఉద్యోగం. మన ఎండ 45 డిగ్రీలు, ఇంజన్ పనివేడి దానికి దాదాపు రెట్టింపు. మనకు ఎంత ఎండైనా ఇంజన్ లెక్కలో అది చలే. థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చాలాసేపు చల్లగా నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే మాత్రం అది పీకినా ఇంజన్ కాగక మానదు, కాస్త ఆలస్యంగా కాగుతుంది. థర్మోస్టాట్ చెడితే మార్చాలి గాని తీసేసి ఖాళీ గూడు బిగించడం వైద్యం కాదు. నాది మంచిదేనని వేడినీళ్లలో వేసి, తెరుచుకోవడం కళ్లారా చూసి, తిరిగి పెట్టించుకున్నాను. ముల్లు అప్పటినుంచి మధ్యకు కొంచెం కింద నిలబడుతోంది.

ముల్లు చెప్పేది నిజమో కాదో ఇంట్లోనే సరిచూసుకునే దారి కూడా ఉంది. దూరం నుంచి వేడి చూపించే తుపాకీ థర్మామీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది పనికిరాదు, అది జ్వరం దాటి లెక్కపెట్టలేదు. వర్క్‌షాపుల్లో వాడేది కావాలి. దాన్ని మెరిసే అల్యూమినియం మీద పెడితే తక్కువ చూపించి మోసం చేస్తుంది. నల్లటి రబ్బరు పైపు మీద గానీ, నల్ల టేపు అంటించిన చోట గానీ పెట్టాలి. కొత్త కార్లున్నవాళ్లు మాకెందుకీ గొడవ అనుకోవచ్చు. వాటిలో ముల్లును కంప్యూటర్ నడుపుతుంది. నీళ్ల వేడి అటూ ఇటూ చాలా మారుతున్నా ముల్లును మధ్యలోనే పట్టి ఉంచేలా అమర్చిన కార్లు ఎన్నో ఉన్నాయి, మనం కంగారు పడకుండా. పాత ముల్లు అలా దాచదు. చిన్న ఎత్తు ఎక్కినా చెబుతుంది.

నా బల్ల సొరుగులో రెండు సెన్సార్లు మిగిలాయి. కారుతో వచ్చినది ఒకటి, నకిలీదని తీసేసింది ఒకటి. ఒక ఆదివారం రెంటినీ నీళ్లలో కాచాను. వంటగిన్నెలో కాదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దానికి వాడిన గిన్నె మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు. అటకమీది పాత సత్తుగిన్నె దించి, దారంతో సెన్సార్ వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి, మల్టీమీటర్ తగిలించి కూర్చున్నాను. చల్లటి నీళ్లలో 300 ఓమ్‌ల పైచిలుకు. 50 డిగ్రీల దగ్గర 150 చుట్టుపక్కల. నీళ్లు మరిగేటప్పటికి 30 లోపుకి దిగింది. రెండోదీ దాదాపు అదే లెక్క. రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

మొన్న మా వీధి చివరి మెకానిక్ వచ్చాడు. ఎవరిదో 800 షెడ్డులో ఉందట, ముల్లు కదలడం లేదట. "మీ దగ్గర పాత సెన్సార్ ఉందని విన్నాను మాస్టారూ" అన్నాడు. "ముందు వైరు లాగి ఎర్త్‌కు ఆనించి చూశావా?" అన్నాను. చూశాడట, ముల్లు లేచిందట. అయితే సరేనని సొరుగు తెరిచి, నకిలీదన్నదాన్ని తీసి ఇచ్చాను. సాయంత్రానికి ఫోను చేశాడు. పనిచేస్తోందట.